నాలుగు నెలల కుక్కపిల్లకి తోక కోయించాలా?

మా తమ్ముడు బోడుప్పల్‌లో ఉంటాడు. ఈ మధ్యే వాళ్లింటికి ఒక రాట్‌వీలర్ కుక్కపిల్ల వచ్చింది. ముందు పెంచుకుంటున్నవాళ్లకి పుణె ట్రాన్స్‌ఫర్ అయింది. అక్కడి అపార్ట్‌మెంట్‌లో పెద్ద కుక్కని ఒప్పుకోరని వీడికి ఇచ్చి వెళ్లారు. పేరు శంభు. నాలుగు నెలలు నిండాయి. ఒళ్లంతా నలుపు, కళ్ల మీద రెండు గోధుమరంగు చుక్కలు, వెనక పొడుగాటి తోక. ఆ తోక గురించే ఇప్పుడు ఇంట్లో రోజూ పంచాయితీ.

"అక్కా, తోక తీపిచ్చేయమంటున్నరు అందరు. నువ్వేమంటవ్?" అని ఫోన్ చేశాడు.

అందరూ అంటే ముగ్గురు. పొద్దున పూట వచ్చి కూర్చో, నిలబడు నేర్పే ట్రెయినర్ ఒకడు. కుక్క తిండి అమ్మే షాపాయన ఇంకొకడు. మూడో మనిషి మా తమ్ముడి మామగారు. ఆయనది గట్టి పట్టు. "తోకున్న రాట్‌వీలర్ ఏంది? ఊరకుక్క లెక్క కనవడ్తది" అంటారు. ట్రెయినర్ తనకి తెలిసిన క్లినిక్‌లో రేటు కూడా కనుక్కొచ్చాడు. "చిన్న పని, పొద్దున తీసుకుపోతే సాయంత్రానికి ఇంట్లో ఉంటది" అన్నాడట. ఆ "చిన్న పని" అనే మాట దగ్గరే నాకు ఒళ్లు మండింది.

నేను హైస్కూల్లో బయాలజీ చెప్తాను. మా ఇంట్లో నా చిన్నప్పటి నుంచీ కుక్క లేని రోజు లేదు. తమ్ముడికి ఫోన్‌లో వద్దని ఒక్క ముక్కలో చెప్పేశాను. ఎందుకు వద్దో మాత్రం వివరంగా రాయాలనిపించింది. ఇదే ప్రశ్న మా కాలనీలో కూడా చాలామంది అడుగుతుంటారు. పిల్ల కాస్త పెద్దయ్యాక చేతికి వచ్చినవాళ్లే ఎక్కువగా అడుగుతారు.

మామూలుగా ఈ తోక కోసే పని పుట్టిన మూడు నుంచి ఐదు రోజుల్లోపు చేస్తారు. అప్పటికి పిల్ల కళ్లు కూడా తెరవదు. ఆ వయసులో నొప్పి తెలియదని బ్రీడర్లు చెప్తారు. అది నిజం కాదు. కోసేటప్పుడు ఆ పిల్లలు కీచుమని అరుస్తాయి. దగ్గరుండి చూసినవాళ్లెవరూ ఆ అరుపుని కాదనలేరు. కొందరైతే తోకకి రబ్బరు బ్యాండ్ గట్టిగా బిగించి రక్తం ఆగిపోయేలా చేసి, అదే ఎండి ఊడిపోతుందని వదిలేస్తారు. ఐదు రోజుల పిల్లకే అది తప్పు. ఎదిగిన పిల్లకి ఎవరైనా ఆ సలహా ఇస్తే మళ్లీ వాళ్ల గడప తొక్కకండి. చచ్చిన కండ కుళ్లి, చీము వెన్ను దాకా పాకితే కుక్క ప్రాణం మీదికి వస్తుంది.

సరే, నాలుగు నెలల పిల్ల సంగతికి వద్దాం. ఆదివారం బోడుప్పల్ వెళ్లినప్పుడు మా మేనకోడల్ని శంభు పక్కన కూర్చోబెట్టాను. తోక మొదలు దగ్గర బొటనవేలు, చూపుడువేలు పెట్టి మెల్లగా కిందికి జరుపుకుంటూ రమ్మన్నాను. "అత్తా, లోపల పూసలు పూసలుగా ఉన్నయి" అంది. అవును, అవి ఎముకలే. వెన్నులో ఉన్న పూసల వరసే తోకలోకి సాగుతుంది. కుక్క జాతిని బట్టి ఆరు నుంచి ఇరవై మూడు దాకా ఉంటాయి. మొదట్లో ఉన్నవి లావుగా, చివరికి వచ్చేసరికి సన్నగా ఉంటాయి. ఒక్కో పూసకీ మధ్యలో కీలు. చుట్టూ కండరాలు, వాటిని ఎముకకి కట్టే నరంలాంటి తాళ్లు. కింది వైపు రక్తనాళం నడుస్తుంది. అసలు నరాలు జతలు జతలుగా చివరి దాకా వెళ్తాయి. మేనకోడలి చేయి తోక చివరికి చేరేసరికి శంభు తల తిప్పి చూసి, దాని వేలు నాకింది. చివర వెంట్రుకల దగ్గర ఏం తగిలినా దానికి తెలుస్తోంది. శంభు ఒంట్లో అది బతికున్న భాగం. పీకి పారేసే గోరు కాదు, కత్తిరించే జుట్టు కాదు.

ఇంకో విషయం చాలామందికి తెలియదు. రాట్‌వీలర్‌కి తోక కోసేది సగానికి కాదు. మొదట్లో ఒకటో రెండో పూసలు మాత్రం వదిలి మిగతాదంతా తీసేస్తారు. సరిగ్గా ఆ మొదటి పూసల చుట్టుపక్కలకే కటి కండరాలు వచ్చి అతుక్కుంటాయి. మలద్వారానికి అటూ ఇటూ ఉండి, లోపలి భాగాలని కిందికి జారకుండా పట్టి ఉంచే కండరాలవి. ఐదు రోజుల పిల్లలో ఇదంతా మెత్తగా, వేలెడు కూడా లేనంతగా ఉంటుంది. నాలుగు నెలలకి ఎముక గట్టిపడి, కండ పట్టి, రక్తనాళాలు లావెక్కి ఉంటాయి. ఇప్పుడు చేసేదాన్ని తోక కత్తిరించడం అనకూడదు. ఒక అవయవాన్ని తీసేయడం అనాలి.

నాతో స్కూల్లో చదివిన స్నేహితురాలు రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీలో చదివి, ఇప్పుడు సొంతంగా ప్రాక్టీస్ చేస్తోంది. దాన్ని అడిగాను. అది కుక్కలకి తోక తీసే ఆపరేషన్లు చేసింది, కానీ జబ్బో దెబ్బో ఉంటేనే. ముచ్చట కోసం అడిగితే ముఖం మీదే చెప్పి పంపిస్తుంది. ఆపరేషన్ ఎలా ఉంటుందో అది చెప్పినట్టే రాస్తున్నాను.

ముందు రాత్రి నుంచి తిండి పెట్టకూడదు. పూర్తి మత్తు ఇవ్వాలి, ఈ వయసులో ఊరికే ఆ చోట మొద్దుబారే సూదిమందు పొడిచి కోయడం కుదరదు. తోక మొదలు చుట్టూ బొచ్చు గొరిగి, శుభ్రం చేసి, రక్తం కారకుండా పైన బిగించి కడతారు. చర్మాన్ని రెండు వైపులా పెదవుల్లా కొంచెం ఎక్కువ మిగిలేలా కోస్తారు. తర్వాత ఎముక మీద ఆ చర్మం బిగుసుకోకుండా మూసుకోవాలి కదా. రక్తనాళాల్ని ఒక్కొక్కటిగా పట్టుకుని ముడి వేస్తారు. రెండు పూసల మధ్య కీలు వెతికి అక్కడ విడదీస్తారు. కండ ఒక వరస, చర్మం ఒక వరస కుట్లు. అక్కడితో డాక్టర్ పని అయిపోతుంది, ఇంట్లోవాళ్లది మొదలవుతుంది. కుట్లు విప్పడానికి పది నుంచి పద్నాలుగు రోజులు. అన్ని రోజులూ మెడకి ప్లాస్టిక్ కోన్. ఆ వయసు పిల్ల దాంతో తలుపులకీ మంచం కోళ్లకీ గుద్దుకుంటూ తిరుగుతుంది. "అన్నిటికంటే పెద్ద ఇబ్బంది ఆ చోటే" అంది నా స్నేహితురాలు. "దొడ్డికి పోయే దారి పక్కనే కుట్లు ఉంటాయి. పిల్ల కూర్చున్న ప్రతిసారీ నేలకి రాసుకుంటుంది. చీము పట్టడానికి అంతకంటే అనువైన చోటు లేదు."

అన్నీ సవ్యంగా జరిగి గాయం మానిపోయినా, తెగిన నరం కొసలు లోపల అడ్డదిడ్డంగా పెరిగి చిన్న గడ్డ కట్టే అవకాశం ఉంది. దాన్ని న్యూరోమా అంటారు. పైకి ఏమీ కనిపించదు, తాకితే మాత్రం ప్రాణం పోయినట్టు ఉంటుంది. కొన్ని కుక్కలు ఉన్నట్టుండి వెనక్కి తిరిగి ఆ మొండి తోకని కొరుక్కుంటాయి, ఒళ్లు దువ్వుతుంటే చెయ్యి అటు పోగానే గుర్రుమంటాయి. ఇంట్లోవాళ్లేమో దానికి పొగరెక్కిందనుకుంటారు. మా తార్నాక వీధిలో ఒక బాక్సర్ జాతి కుక్క ఉండేది, ఎవరు వెనక నుంచి వచ్చినా గబుక్కున తిరిగి గోడకి ఆనుకుని కూర్చునేది. దానికి గడ్డ ఉందో లేదో ఎవరూ చూపించలేదు. ఆ మొండి తోకని మాత్రం అది చివరిదాకా ఎవరి చేతికీ అందనివ్వలేదు.

ఇక తోక దేనికి పనికొస్తుందన్న ప్రశ్న. మామయ్యగారు అడిగింది అదే. "తోకతోని దానికేం పని? ఊపుడే కదా."

ఊపడమే పని. దానికి నోరుంది కానీ మాట లేదు. చెవులు, కళ్లు, ఒంటి నిలకడ, తోక, ఈ నాలుగింటితోనే తన మనసులో ఉన్నది చెప్పుకుంటుంది. అందులో దూరం నుంచి కనిపించేది తోకే.

మా నాన్న రైల్వేలో గార్డు. మేం లాలాగూడ క్వార్టర్స్‌లో ఉండేవాళ్లం. అక్కడ మా ఇంట్లో టైగర్ అని ఒక డాబర్‌మాన్ ఉండేది, మా దగ్గరికి వచ్చేసరికే దానికి తోక లేదు. ఇంట్లో మా అందరికీ ప్రాణం, పిల్లలు మీద పడి దొర్లినా కిక్కురుమనేది కాదు. కానీ వీధిలోకి తీసుకెళ్తే చాలు, అక్కడి కుక్కలు దాన్ని చూసి బిగుసుకుపోయేవి. అది ఆటకి వెళ్తోందో కొట్లాటకి వెళ్తోందో వాటికి అర్థమయ్యేది కాదు. టైగర్ వెనక భాగమంతా ఊపేది పాపం, నడుము తిప్పేది. పది అడుగుల దూరంలో ఉన్న కుక్కకి అది తెలియదు కదా. నాన్న ఎప్పుడూ గొలుసు రెండు చుట్లు చేతికి చుట్టుకునే నడిపేవారు.

తర్వాత చాలా ఏళ్లకి ఒక పరిశోధన గురించి చదివినప్పుడు నాకు టైగరే కళ్ల ముందు మెదిలింది. కెనడాలో విక్టోరియా యూనివర్సిటీ వాళ్లు 2008లో దాన్ని అచ్చువేశారు. ల్యాబ్రడార్ సైజులో ఒక బొమ్మ కుక్కని చేసి, దానికి మోటారుతో కదిలే తోక పెట్టారు. ఒకసారి పొడుగు తోక, ఒకసారి పొట్టి తోక. ఒకసారి ఊపుతూ, ఒకసారి కదపకుండా. కుక్కలని వదిలే మైదానంలో దాన్ని నిలబెట్టి, ఏ కుక్క ఎలా వస్తుందో చూశారు. పొడుగు తోక ఊపుతుంటే పెద్ద కుక్కలు ధైర్యంగా దగ్గరికి వచ్చాయి, అదే తోక కదలకుండా ఉంటే వెనకాడాయి. పొట్టి తోక దగ్గరికి వచ్చేసరికి ఊపినా ఊపకపోయినా ఒకటే. అందులో ఏ కబురూ వాటికి అందలేదన్నమాట.

ఇటలీలో 2007లో ఇంకొకటి చేశారు. కుక్క తన యజమానిని చూసినప్పుడు తోక కుడి వైపుకి ఎక్కువ వాలేలా ఊపుతుందట. తనని అదిలించేలా ఉన్న కొత్త కుక్కని చూస్తే ఎడమ వైపుకి. మన కంటికి అంత తేలిగ్గా దొరకదు, వీడియో తీసి కొలిచారు. కొన్నేళ్ల తర్వాత అదే బృందం ఇంకో అడుగు వేసి, ఎడమకి ఊగే తోకని చూసిన కుక్కల గుండె వేగం పెరుగుతోందని చూపించింది. అంటే ఊపడంలో కూడా కుడి ఎడమల తేడా ఉంది, దాన్ని ఎదుటి కుక్క చదువుకుంటోంది. ఇంత సంగతి ఉన్నదాన్ని "ఊపుడే కదా" అని ఎలా తీసిపారేస్తాం?

శంభుని సాయంత్రం నేనే బయటికి తీసుకెళ్లాను. వాళ్ల సందు మొదట్లో ఇస్త్రీ బండి కింద ఒక ఎర్ర ఆడకుక్క పడుకుని ఉంటుంది, ఆ సందుకి అదే పెద్ద. శంభుని చూడగానే లేచి నిలబడింది. తోక నిటారుగా ఎత్తి, కొస మాత్రం సన్నగా వణికిస్తోంది. శంభు ఆగాడు. ముందు తోక నిటారుగానే ఉంది. తర్వాత మెల్లగా కిందికి వంచి, నడుముకి కాస్త దిగువన పెట్టి, వెడల్పుగా, నిదానంగా ఊపడం మొదలుపెట్టాడు. పక్కకి తిరిగి నిలబడ్డాడు. ఎర్రది రెండడుగులు వేసి వాసన చూసింది, తన తోక దించింది, వెళ్లి మళ్లీ బండి కింద పడుకుంది. ఇదంతా నిమిషం కూడా పట్టలేదు. ఒక మొరుగు లేదు, గొలుసు లాగుడు లేదు. నాలుగు నెలల పిల్లగాడు వీధిలో పెద్దదానికి మర్యాద చెప్పి దారి తెచ్చుకున్నాడు. నేర్చేసుకున్నాడు కూడా. ఐదు రోజుల పిల్లకి కోస్తే దానికి ఆ మాటలు రానే రావు. శంభుకి వచ్చేశాయి, వాటిని రోజూ వాడుకుంటున్నాడు. ఇప్పుడు కోయడం ఇంకా అన్యాయం అని నేను అనేది అందుకే.

రాట్‌వీలర్ విషయంలో ఇది ఇంకొంచెం ముఖ్యం. 2024 మార్చిలో కేంద్రం ఇరవై మూడు రకాల కుక్కల్ని ప్రమాదకరమైనవని చెప్పి, వాటి అమ్మకం, పెంపకం ఆపమని రాష్ట్రాలకి లేఖ రాసింది. ఆ జాబితాలో రాట్‌వీలర్ ఉంది. తర్వాత హైకోర్టులో ఆ లేఖ నిలవలేదు, అది వేరే సంగతి. జనంలో భయం మాత్రం ఉండిపోయింది. లిఫ్ట్‌లో, పార్కులో, గేటు దగ్గర జనం ఈ కుక్కని చూసి ఇప్పటికే జంకుతున్నారు. "వాడు ఆడుకుందామని వస్తున్నాడు" అని మనం వంద సార్లు చెప్పేకంటే, ఊగుతున్న తోక కనిపిస్తే పక్కింటి పిల్లాడికి కూడా సగం టెన్షన్ తగ్గుతుంది. తోక కడుపు కిందికి పోయిందంటే భయపడుతున్నాడు, దూరంగా ఉండాలి. బిర్రబిగిసి నిలబడితే ఇంకా దూరంగా ఉండాలి. ఇది చిన్నపిల్లలకి కూడా నేర్పొచ్చు. పెద్ద దవడలున్న కుక్కకి ఈ గుర్తే లేకుండా చేయడం ఇంట్లోవాళ్లకీ మంచిది కాదు, వీధివాళ్లకీ మంచిది కాదు.

మామయ్యగారి అసలు బాధ అందం గురించి. జాతి కుక్క జాతి కుక్కలా కనిపించాలని. ఆయన మాటని నేను తేలిగ్గా తీసుకోను, ఆయన తరం చూసిన రాట్‌వీలర్లు, డాబర్‌మాన్లు అన్నీ మొండి తోకలవే. కళ్లకి అదే అలవాటైంది. కానీ ఆ అలవాటు ఎక్కడి నుంచి వచ్చిందో చూస్తే ఒక్క కారణమూ మన ఇంటికి సరిపోదు. రోమన్ల కాలంలో కొలుమెల్లా అనే ఆయన, నలభై రోజుల పిల్లకి తోక కొస తీసేస్తే పిచ్చి, అంటే రేబీస్, రాదని రాశాడు. పిచ్చి తోకలో ఉండదు, లాలాజలంలో ఉంటుంది, టీకాతో ఆగుతుంది. రాట్‌వీలర్ జర్మనీలో రాట్‌వీల్ అనే ఊళ్లో మాంసం వ్యాపారుల దగ్గర పశువుల్ని తోలేది, బళ్లు లాగేది. తోక బండికి, పశువుల కాళ్లకి చిక్కుతుందని కోసేవాళ్లంటారు. డాబర్‌మాన్‌ని తయారుచేసినాయన అపోల్డా అనే ఊళ్లో పన్నులు వసూలు చేసేవాడు, దొంగలెవరైనా మీద పడితే తోక పట్టుకోకుండా ఉండాలని కోయించారట. శంభు తోలే మంద లేదు, లాగే బండి లేదు. ఆ జర్మనీలోనే 1998 నుంచి తోక కోయడం నిషేధం, వేట కుక్కలకి మాత్రం మినహాయింపు. ఇవాళ ఆ జాతి పుట్టిన ఊళ్లోనే రాట్‌వీలర్ నిండు తోకతో తిరుగుతోంది. ఆ ఫోటోలు మామయ్యగారికి ఫోన్‌లో చూపించాను. చాలాసేపు చూశారు. "మంచిగనే ఉన్నది" అన్నారు, ఒప్పుకున్నట్టు మాత్రం చెప్పలేదు.

తోక ఉంటే దెబ్బ తగులుతుంది కదా అనేది ఇంకో వాదన. ఇందులో నిజం ఉంది కాబట్టి దాటేయకూడదు. గుబురు పొదల్లో, ముళ్లలో రోజంతా పరుగెత్తే స్పానియల్ జాతి వేట కుక్కలకి తోక కొస చీరుకుపోవడం ఎక్కువే. స్కాట్లండ్‌లో 2007లో పూర్తిగా నిషేధించి, వేటలో పనిచేసే ఆ కొన్ని రకాలకి మాత్రం 2017లో మళ్లీ వీలిచ్చారు. అక్కడ కూడా తోకలో మూడో వంతుకి మించి తీయకూడదు, ఐదు రోజులు దాటిన పిల్లకి చేయకూడదు. ఈ ఐదు రోజుల గీత ఇంగ్లండ్‌లోనూ ఉంది. వేట కుక్కకే నాలుగు నెలల వయసులో ఒప్పుకోని పని, డాబా మీద కాకుల్ని తరిమే కుక్కకి దేనికి? ఇళ్లలో పెరిగే మామూలు కుక్కల లెక్క చూస్తే, బ్రిటన్‌లో లక్షకి పైగా కుక్కల మీద చేసిన అధ్యయనం 2010లో వచ్చింది. ఒక్క తోక దెబ్బ తప్పించాలంటే దాదాపు ఐదు వందల కుక్కలకి తోక కోయాలని అందులో తేలింది.

బలంగా ఊపే పెద్ద కుక్కలకి ఇంట్లో గోడకీ, బీరువా అంచుకీ కొట్టుకుని తోక చివర చిట్లడం నేను చూశాను. రక్తం గోడ నిండా చిందుతుంది, చూస్తే భయం వేస్తుంది. శుభ్రం చేసి, డాక్టర్ చేత కట్టు కట్టించి, ఇరుకు వసారాలో కాకుండా వెడల్పు గదిలో ఉంచితే చాలాసార్లు మానుతుంది. మానకపోతే అప్పుడు కొస తీయిస్తారు.

నేను తోక తీయడానికే వ్యతిరేకిని అనుకోవద్దు. మా వీధిలో ఒక కుక్క తోక మీదుగా ఆటో ఎక్కింది. ఎముక నుజ్జయి, రెండు రోజులకి కొస నల్లబడి వాసన రావడం మొదలైంది. మేం నలుగురం కలిసి నారాయణగూడ ప్రభుత్వ పశువైద్యశాలకి తీసుకెళ్లాం. తోక తీసేశారు, బతికింది, ఇప్పటికీ మా గేటు ముందే పడుకుంటుంది. ఎముక విరిగినా, గడ్డ లేచినా, కుళ్లినా, స్పర్శ పోయి ఈడ్చుకుంటూ తిరుగుతున్నా తీయించాల్సిందే, ఆలస్యం చేయకూడదు కూడా. ఎక్స్‌రే తీసి, ఏ పూస దాకా తీయాలో డాక్టర్ చూపిస్తారు, తర్వాత నొప్పికి ఏం మందు వాడాలో రాసిస్తారు. శంభు తోకకి ఏమీ కాలేదు.

చట్టం సంగతి కూడా చెప్పాలి. జంతుహింస నిరోధక చట్టం 1960లో వచ్చింది. అందులో 11వ సెక్షన్ జంతువు అవయవాన్ని ఛిద్రం చేయడాన్ని హింస కింద చేర్చింది. పశువులకి కొమ్ములు తీయడం, విత్తులు కొట్టడం, వాత పెట్టడం, ముక్కుతాడు వేయడం లాంటివి పద్ధతిగా చేస్తే తప్పు కాదని మినహాయింపులు రాశారు. వాటిలో కుక్క తోక లేదు. మొదటి తప్పుకి జరిమానా మాత్రం పది రూపాయల నుంచి యాభై రూపాయలు! అరవై ఏళ్ల కిందటి అంకె అలాగే ఉండిపోయింది, ఇది మారాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. 2011లో వెటర్నరీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా అందం కోసం తోకలు, చెవులు కోయొద్దని డాక్టర్లకి చెప్పింది, దాని మీద కోర్టులో గొడవలు కూడా నడిచాయి. అందుకే సిటీలో కొన్ని చోట్ల కోస్తూనే ఉన్నారు, కొన్ని చోట్ల రానివ్వరు. ఫోన్‌లో రేటు చెప్పేసి, కుక్కని చూడకముందే టైం ఇచ్చే చోటుకి ఏ ఆపరేషన్‌కీ వెళ్లకండి. మత్తు ఇచ్చేముందు రక్త పరీక్ష చేస్తారా, టీకాల కార్డు అడుగుతారా అని కనుక్కోండి.

ఆ కార్డు మాట అన్నాను కాబట్టి, అసలు కంగారు పడాల్సింది అక్కడ. శంభు కార్డు తెరిచి చూస్తే పాత ఇంటివాళ్లు రెండు డోసుల దగ్గర ఆపేశారు. పార్వో (పిల్లల్ని చంపేసే వాంతులు, విరేచనాల జబ్బు) టీకా మూడు నాలుగు వారాలకి ఒకటి చొప్పున, పదహారు వారాల వయసు దాకా వేయించుకుంటూ రావాలి. యాంటీ రేబీస్ మూడు నెలలకే పడాలి, ఆ గడిలో స్టిక్కర్ లేదు. ఈ స్థితిలో ఉన్న పిల్లని, రకరకాల జబ్బు కుక్కలు వచ్చిపోయే క్లినిక్‌లో, ఒంటి మీద పచ్చి గాయంతో పూటంతా పడుకోబెడదామనుకున్నారు. ఇది చెప్పగానే మా మరదలు ముఖం మారిపోయింది. "తోక సంగతి తర్వాత వదినా, ముందు సూదులు వేయిద్దాం" అంది. ఆ ఇంట్లో తన మాటే చెల్లుతుంది, నాకు కాస్త ధైర్యం వచ్చింది.

తమ్ముడు ట్రెయినర్‌కి ఫోన్ చేసి వద్దని చెప్పేశాడు. ట్రెయినర్ ఇంకా సణుగుతున్నాడట, "పెద్దగైనంక చేపిస్తే ఇంకా కష్టమైతది సార్" అని. అందులో మాత్రం అబద్ధం లేదు, ఎంత ఎదిగితే అంత కష్టం. చేయించకపోతే ఆ కష్టం ఎవరికీ లేదు. అతను కుక్కకి కూర్చోవడం, ఆగడం, గొలుసు లాగకుండా నడవడం బాగా నేర్పుతున్నాడు, ఆ పని వరకు ఉంచుకోమన్నాను. శనివారం టీకాలకి నా స్నేహితురాలి దగ్గరికి తీసుకెళ్తున్నారు. యాంటీ రేబీస్ సర్టిఫికెట్ చేతికి వస్తే మున్సిపాలిటీ లైసెన్స్‌కి కూడా అప్లై చేయొచ్చు. మామయ్యగారు కూడా కారెక్కుతానన్నారు, డాక్టర్‌ని తానే స్వయంగా అడగాలట. అడగనివ్వండి, ఆవిడ దగ్గర ఓపిక చాలా ఉంది.